లా చదువు కబురు ఐదేళ్లు ఆలస్యంగా ఎందుకు అందుతోంది?

హన్మకొండ నయీంనగర్ రోడ్డు మీద ఫలితాల సీజన్‌లో ఎటు చూసినా ఫ్లెక్సీలే. నీట్ ర్యాంకులు, జేఈఈ ర్యాంకులు, ఎంసెట్ ర్యాంకులు, వాటి కింద వరసగా పిల్లల ఫొటోలు. వాటిలో జాతీయ స్థాయి లా ప్రవేశ పరీక్ష క్లాట్ ర్యాంకు కనిపించడం బాగా అరుదు. ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకున్నారంటే పదిలో మార్కులు రాలేదేమో అనే చిన్నచూపు ఊళ్లలో ఇంకా పోలేదు. లా అనే మాట ఇంట్లో మొదటిసారి వినపడేది డిగ్రీ చేతికొచ్చి, కానిస్టేబుల్‌కో గ్రూప్స్‌కో ప్రిపేరవుతూ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే రోజుల్లో. 'ఖాళీగా ఎందుకు, లాసెట్ రాసి పడేయ్' అని ఎవరో ఒక సీనియర్ అంటాడు. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సుకు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సుకు రాష్ట్రం పెట్టే ప్రవేశ పరీక్ష అది. అప్పటికి వయసు ఇరవై రెండో ఇరవై మూడో.

వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, ఇంకా పైకి వెళ్తే ఆసిఫాబాద్, ఆదిలాబాద్ జిల్లాల దళిత, ఆదివాసీ, బీసీ పిల్లలకు లా సీటు దొరకడం నిజానికి పెద్ద కష్టం కాదు. రిజర్వేషన్ ఉంది, పరీక్ష తెలుగులో రాయొచ్చు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. కష్టమంతా ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు అన్నదాంట్లో ఉంది. మన దగ్గర లా చదువుకు వెళ్లే దారులు రెండు, క్లాట్, లాసెట్. వాటి క్యాలెండర్లు వేరు, భాషలు వేరు, ఖర్చులు వేరు. పెద్ద జీతాలకు, పెద్ద కోర్టులకు తొందరగా తీసుకెళ్లే దారి మూసుకుపోయాక గానీ ఈ పిల్లలకు రెండో దారి సంగతి చెవిన పడదు.

తేదీల సంగతే చూడండి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఐదేళ్ల కోర్సుకు క్లాట్ రాయాలి. దరఖాస్తులు జూలై, ఆగస్టుల్లో మొదలై అక్టోబర్, నవంబర్‌లలో ముగుస్తున్నాయి, పరీక్ష డిసెంబర్ మొదట్లో. అంటే ఇంటర్ సెకండియర్ సిలబస్ సగంలో ఉండగానే క్లాట్ అయిపోతుంది. ఇంటర్ పరీక్షలు మార్చిలో, ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి. ఇంట్లో 'తర్వాత ఏంటి' అన్న చర్చ మొదలయ్యేది అప్పుడు కదా. ఆ చర్చలో లా ప్రస్తావన వచ్చినా, ఆ ఏడాది క్లాట్ ఐదు నెలల కిందటే ముగిసింది. మిగిలింది లాసెట్. 2025లో లాసెట్ జూన్ 6న జరిగింది, కౌన్సెలింగ్ ఆగస్టులో మొదలైంది. నాన్న లాయరో, మేనమామ జడ్జో అయిన ఇంట్లో పదో తరగతి కాకముందే ఈ లెక్కలన్నీ తెలుస్తాయి. తండా నుంచి గురుకులానికి వచ్చిన పిల్లకు ప్రిన్సిపాల్ చెబితే తెలియాలి, లేదంటే లేదు.

ఫీజులోనూ తేడా తక్కువేం కాదు. లాసెట్ దరఖాస్తుకు ఎస్సీ, ఎస్టీలకు 600, మిగతావారికి 900 రూపాయలు. క్లాట్‌కు ఎస్సీ, ఎస్టీలకు 3,500, జనరల్‌కు 4,000. వచ్చే నమ్మకం లేని పరీక్షకు మూడున్నర వేలు కట్టమని కూలి పనికి వెళ్లే తల్లిని అడగడానికి ఏ పిల్లకైనా నోరు రాదు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు తగ్గించింది 500 రూపాయలే. సీట్లలో వాటా ఇచ్చి దరఖాస్తు దగ్గర ఇంత పిసినారితనం చూపడం ఏం న్యాయమో మరి.

డబ్బు కన్నా పెద్ద అడ్డం భాష. క్లాట్‌లో 2024 నుంచి 120 ప్రశ్నలు, రెండు గంటల సమయం, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ప్రశ్నలు విడివిడిగా ఉండవు. దాదాపు 450 పదాల ఇంగ్లిష్ పేరా ఇచ్చి, దాని మీద ప్రశ్నలు అడుగుతారు. కరెంట్ అఫైర్స్, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్ అన్నీ అదే పద్ధతి, చివరికి లెక్కలు కూడా పేరా చదివే చేయాలి. చట్టం గురించి ముందే తెలిసి ఉండాల్సిన అవసరం లేదని నిర్వాహకులు చెప్పే మాట నిజమే. కానీ ఇంగ్లిష్ పేరాను ఒక్కసారి చదివి పట్టుకునే వేగం మాత్రం ఉండి తీరాలి. ఆ వేగం చిన్నప్పటి నుంచి ఇంట్లో ఇంగ్లిష్ పేపర్ తిరగేసిన పిల్లలకు తెలియకుండానే అబ్బుతుంది. తెలుగు మీడియంలో పది దాకా చదివి, ఇంటర్‌లో పాసేజీ ప్రశ్నకు గైడు చూసి జవాబు బట్టీ పట్టిన పిల్లకు ఏడాదిన్నర రెండేళ్ల సాధన కావాలి. క్లాట్‌ను ప్రాంతీయ భాషల్లోనూ పెట్టాలని 2023లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, పరీక్ష మాత్రం ఇంగ్లిష్‌లోనే నడుస్తోంది.

దీనికి విరుగుడుగా మొదలైన ప్రయత్నాల్లో చెప్పుకోదగ్గది ఐడీఐఏ. న్యాయశాస్త్ర అధ్యాపకుడు షమ్నాద్ బషీర్ 2010లో దీన్ని ప్రారంభించారు. ఆయన 2019లో చనిపోయినా సంస్థ నడుస్తోంది. పేద, అణగారిన కుటుంబాల పిల్లలను స్కూలు స్థాయిలోనే గుర్తించి, క్లాట్‌కు శిక్షణ ఇచ్చి, సీటు వచ్చాక ఫీజుకు, చదువుకు అండగా ఉండటం దీని పని. న్యాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులే వాలంటీర్లుగా స్కూళ్లకు వెళ్తారు. ఇంటర్ ఫస్టియర్‌లో ఉన్న పిల్లలకు ఈ సంస్థ పేరు చెవిన వేస్తే చాలు, తర్వాతి సంగతి వాళ్లే చూసుకుంటారు. సీటు వచ్చాక ఖర్చు భయం ఎటూ ఉంటుంది. హైదరాబాద్ శివారు శామీర్‌పేటలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ లాంటి చోట్ల హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షల్లోనే అవుతుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కేంద్రం నిర్ణయించిన సంస్థల్లో చదివితే వర్తించే ప్రత్యేక స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి, వాటి ఆదాయ పరిమితి రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ పరిమితి కన్నా బాగా ఎక్కువ. నల్సార్‌లో తెలంగాణ స్థానికులకు సీట్లలో వాటా కూడా ఉంది. అంటే వరంగల్ పిల్లకు బెంగళూరు న్యాయ విశ్వవిద్యాలయం కన్నా శామీర్‌పేట అన్ని విధాలా దగ్గర.

లాసెట్: తేలికే, కానీ కళ్లు తెరుచుకుని

లాసెట్ స్వభావం పూర్తిగా వేరు. 120 ప్రశ్నలు, గంటన్నర సమయం, నెగెటివ్ మార్కులు లేవు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, న్యాయశాస్త్ర అభిరుచి 60. జనరల్, బీసీ అభ్యర్థులు 35 శాతం, అంటే 42 మార్కులు తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. వయసు పరిమితి లేదు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ఉంటుంది. హన్మకొండ లైబ్రరీల్లో కానిస్టేబుల్‌కో గ్రూప్-2కో చదువుతున్నవాళ్లకు పాలిటీ, కరెంట్ అఫైర్స్ ఎలాగూ నోటికే వచ్చి ఉంటాయి కాబట్టి వాళ్లకు ఇది పెద్ద టెన్షన్ పెట్టే పరీక్ష కాదు. రాసినవాళ్లలో సగానికి పైగా క్వాలిఫై అవుతూనే ఉంటారు.

అందుకే ఇక్కడ అసలు చూసుకోవాల్సింది క్వాలిఫై కావడం కాదు, కాలేజీ. ర్యాంకు బాగుంటే సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ, హైదరాబాద్‌లో ఉస్మానియా లా కాలేజీ వస్తాయి. ర్యాంకు వెనకబడితే ప్రైవేటు కాలేజీలు. వాటిలో కొన్నింట్లో హాజరు ఎలా ఉంటుందో జిల్లాలో తెలియనివాళ్లు ఉండరు. పరీక్షలకు ముందు వచ్చి హాల్‌టికెట్ తీసుకుని, గైడు కొనుక్కుని రాసి వెళ్లేవాళ్లకు ఆ పద్ధతి సుఖమే. ఉద్యోగం చేసుకుంటూ ఒక పట్టా కావాలనుకునేవాళ్లకు దాంతో వచ్చే నష్టం కూడా తక్కువ. వెనక ఎవరూ లేని విద్యార్థికి మాత్రం అది పెద్ద దెబ్బ. లాయర్ కొడుకు క్లాసు ఎగ్గొట్టినా సాయంత్రం నాన్న ఆఫీసులో కూర్చుని దావా పత్రం ప్లెయింట్ ఎలా రాస్తారో, వకాల్తా ఎలా వేస్తారో చూసి నేర్చుకుంటాడు. మొదటి తరం విద్యార్థికి క్లాసులో, విద్యార్థులే వాదించి సాధన చేసే మూట్ కోర్టులో, లీగల్ ఎయిడ్ క్యాంపులో నేర్చుకునేదే మొత్తం చదువు. అతను ఏ కాలేజీ దగ్గరుందని కాకుండా, ఏ కాలేజీలో రోజూ క్లాసు జరుగుతుందని అడగాలి. గిరిజన సంక్షేమ గురుకులాల సొసైటీ సంగారెడ్డిలో నడుపుతున్న లా కాలేజీ లాంటివి ఈ కోణంలోంచి చూస్తే విలువైనవి. హాస్టల్, క్లాసు ఒకేచోట ఉంటాయి.

అర్హత దగ్గర చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి డిగ్రీలో జనరల్‌కు 45, ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ ఇంటర్ చదవకుండా, అర్హత పరీక్ష రాసి నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవాళ్లకు లా చదువును, లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం లా చదివే అర్హత లేదు. పది, ఇంటర్ వరసగా ముగించి డిగ్రీ ఒక్కటే దూరవిద్యలో చేస్తే ఇబ్బంది లేదు. మధ్యలో మెట్టు దాటేసినవాళ్లకే సమస్య. ఆ మెట్టు దాటేసేది ఎవరు? చిన్న వయసులో పెళ్లయి చదువు ఆగిన ఆడవాళ్లు, మిర్చి కోతలకో పత్తి ఏరడానికో వెళ్లి బడి మానేసి తర్వాత చదువు మీద మనసు పడినవాళ్లు. రెండో అవకాశం ఇస్తామని పెట్టిన చదువు లా గేటు దగ్గర పనికిరాకుండా పోతోంది. నిబంధన ఉద్దేశం ప్రమాణాలు కాపాడటం కావచ్చు, దాని బరువు మాత్రం వాళ్ల మీదే పడుతోంది. అలాంటివాళ్లు ముందు ఇంటర్ కట్టి పాసై, ఆ తర్వాత ఐదేళ్ల కోర్సు వైపు చూడటం మేలు. డబ్బు కట్టే ముందే కాలేజీలో రాతపూర్వకంగా అడిగి తేల్చుకోవాలి.

కథ అడగరు, కాగితం అడుగుతారు

అమెరికాలో లా స్కూలుకు దరఖాస్తు చేసేవాళ్లు పరీక్ష స్కోరుతో పాటు తమ గురించి ఒక వ్యాసం రాసి పంపాలి. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. అయినా జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో విద్యార్థి వ్యాసంలో రాసుకుంటే చూడొచ్చని అదే తీర్పులో చెప్పింది. అక్కడ నేపథ్యాన్ని విద్యార్థి తన మాటల్లో చెప్పుకోవాలి. ఇక్కడ తహసీల్దార్ సంతకంతో చెప్పించాలి. మన పద్ధతిలో ఒక మంచి ఉంది. బాగా రాయగలిగినవాళ్లకే న్యాయం జరగాలన్న షరతు లేదు, కష్టాన్ని అమ్ముకోవాల్సిన పనీ లేదు. చెడు ఏంటంటే, కాగితంలో ఒక్క అక్షరం తేడా వస్తే మనిషే మారిపోతాడు.

మీసేవ కౌంటర్ దగ్గర అరగంట నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు బానోత్ అని ఉంటుంది, ఆధార్‌లో బానోతు. ఇంగ్లిష్‌లో చివర ఒక యూ అదనం, అంతే. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే, కుల ధ్రువీకరణలో పూర్తిగా ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట రాములు, ఇంకోచోట రాములు నాయక్. స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో ఇవి సరిపోలకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. ఆధార్ మార్చడం తేలిక, పదో తరగతి మెమో మార్చడం కష్టం. అందుకని మెమోలో ఉన్నట్టుగా ఆధార్‌ను మార్చుకుని, తర్వాత కుల, ఆదాయ ధ్రువీకరణలు తీసుకోవాలి. ఈ వరస తిరగేస్తే అన్నీ మళ్లీ మొదటి నుంచి. కౌన్సెలింగ్ తేదీలు వచ్చాక ఇది మొదలుపెడితే పని అవ్వదు.

కులం కాగితం కూడా ఇప్పుడు పాతది సరిపోదు. ఎస్సీ కులాలను గ్రూపులుగా విడదీసే వర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. 15 శాతం కోటాలో బాగా వెనకబడిన 15 కులాల మొదటి గ్రూపుకు 1 శాతం, మాదిగలున్న రెండో గ్రూపుకు 9, మాలలున్న మూడో గ్రూపుకు 5. కాబట్టి గ్రూపు నమోదైన ధ్రువీకరణ చేతిలో ఉండాలి. క్లాట్ వైపు ఈ విభజన లేదు, అఖిల భారత కోటాలో ఎస్సీ అంటే ఎస్సీనే. బీసీ విద్యార్థులకు అక్కడ వేరే మెలిక. ఓబీసీ కోటా అడిగే చోట కుటుంబం సంపన్న శ్రేణిలో లేదని చెప్పే నాన్ క్రీమీ లేయర్ ధ్రువీకరణ కావాలి, రాష్ట్రంలో వాడే బీసీ-ఏ, బీసీ-డీ కాగితం దానికి బదులు కాదు. కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి.

రాష్ట్రంలో ఎస్టీ కోటా 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. దాని లోపల మాత్రం విభజన లేదు. హన్మకొండలో కోచింగ్ తీసుకునే వీలున్న మైదాన ప్రాంతం పిల్లలు, ఆసిఫాబాద్ కొండల్లోని కోలాం గూడెం పిల్లలు ఒకే వరసలో నిలబడాలి. కోలాం, తోటి తెగలను కేంద్రమే అతి బలహీన గిరిజన సమూహాలుగా గుర్తించింది. వాళ్లలోంచి లా కాలేజీ గడప తొక్కేవాళ్లను వెతుక్కోవాల్సిందే. కోటా శాతం పెరగడం ఎంత మంచిదైనా ఈ లోపలి దూరాన్ని అది దానంతటది తగ్గించలేదు. 

ఈ దూరం ఎందుకు పట్టించుకోవాలంటే, ఈ ప్రాంతంలో కోర్టుతో ఎక్కువ పని పడేది ఆదివాసీలకే. ఏజెన్సీ భూములను గిరిజనేతరులకు బదలాయించకుండా ఆపే 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, జనం నోట్లో 1/70, ఇక్కడ ఇంటింటికీ తెలిసిన చట్టం. ఏజెన్సీలో ప్రభుత్వ భూములను సైతం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో చెప్పింది. అదే సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన మూడో నంబరు జీవోను కొట్టేసింది. పోడు కేసులు, అటవీ హక్కుల పత్రాలు, భూమి గొడవలు. వీటి మధ్య పెరిగిన పిల్లలకు కోర్టు కొత్త కాదు, కక్షిదారుల బెంచీ మీద కూర్చున్న అనుభవం పుష్కలంగా ఉంది. నల్లకోటు వేసుకున్నవాళ్లలో తమవాళ్లు కనిపించకపోవడమే కొరత. పై కోర్టుల్లో అది ఇంకా స్పష్టం. 2018 నుంచి హైకోర్టులకు నియమితులైన 715 మంది జడ్జిల్లో ఎస్సీలు 22, ఎస్టీలు 16, ఓబీసీలు 89 మందేనని కేంద్రం 2025లో పార్లమెంటుకు చెప్పింది.

ఆలస్యంగా లాలోకి వచ్చినవాళ్లు వెనకబడిపోతారని దీనర్థం కాదు. కాకతీయ యూనివర్సిటీలో గణితం బోధించిన బాలగోపాల్ హక్కుల ఉద్యమంలో ఏళ్ల తరబడి తిరిగాకే లా చదివి, 1990ల చివర్లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. ములుగు కోయ కుటుంబంలో పుట్టిన సీతక్క నక్సలైటు జీవితం వదిలి అడవి నుంచి బయటికి వచ్చాక లాయరయ్యారు, ఆ తర్వాతే ఎమ్మెల్యే, మంత్రి. జీవితం చూసి వచ్చినవాళ్లకు క్లయింటు గోడు తొందరగా అర్థమవుతుంది. మూడేళ్ల కోర్సు చిన్నది, ఐదేళ్లది పెద్దది అన్న లెక్క జిల్లా కోర్టులో ఎవరూ చూడరు. కానీ తెలిసి ఆలస్యంగా రావడం వేరు, తెలియక ఆలస్యం కావడం వేరు.

పట్టా తర్వాత

దరఖాస్తు పెట్టేటప్పుడే ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటుంది. లాయరుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్‌కు ఒకప్పుడు బార్ కౌన్సిళ్లు రాష్ట్రాన్ని బట్టి 15 వేల నుంచి 42 వేల దాకా గుంజేవి. అడ్వకేట్స్ చట్టంలో ఉన్న 750 రూపాయల కన్నా, ఎస్సీ, ఎస్టీలకైతే 125 కన్నా ఎక్కువ తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తేల్చింది. అణగారిన వర్గాలను వృత్తిలోకి రానీయని ఫీజు సమానత్వానికి విరుద్ధమని కూడా ఆ తీర్పు అంది. ఎవరైనా అంతకన్నా ఎక్కువ అడిగితే ఈ తీర్పు చూపించొచ్చు. ఆ తర్వాత ప్రాక్టీసుకు తప్పనిసరైన ఆలిండియా బార్ పరీక్ష, అది తెలుగులోనూ రాయొచ్చు.

అసలు గండం ఆ తర్వాతి మూడేళ్లు. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ చెప్పింది. ఉద్దేశం మంచిదే, కోర్టు చూడనివాడు జడ్జి కావడం ఎవరికీ మంచిది కాదు. కానీ ఆ మూడేళ్లు జూనియర్‌కు బస్సు చార్జీలు వచ్చినా గొప్పే. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సీనియర్లకు సూచించింది. సూచనే, తప్పనిసరి కాదు. ఎస్సీ, బీసీ సంక్షేమ శాఖలు జిల్లాకు కొద్దిమంది లా పట్టభద్రులను ఎంపిక చేసి, సీనియర్ల దగ్గర శిక్షణకు పెట్టి నెలవారీ స్టైపెండ్ ఇచ్చే పథకం ఉంది. పత్రికల జిల్లా పేజీల్లో చిన్న వార్తగా వచ్చి పోతుంది, కలెక్టరేట్‌లోని సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగితే వివరాలు చెబుతారు.

2022 జూన్‌లో ప్రతి జిల్లాకూ విడిగా జిల్లా కోర్టు వచ్చింది. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ పిల్లలకు ఇప్పుడు వరంగల్‌లోనో ఆదిలాబాద్‌లోనో గది అద్దె కట్టి జూనియర్‌గా చేరాల్సిన అవసరం లేదు. ఇంటి నుంచి వెళ్లి రావొచ్చు, సాక్షి ఏ భాషలో ఏడుస్తున్నాడో వాళ్లకు బాగా అర్థమవుతుంది. 2023లో హైకోర్టు కూడా ఒక తీర్పును తెలుగులో ఇచ్చింది. కాబట్టి ఇంగ్లిష్ నేర్చుకోవాల్సిందే గానీ, ఇంగ్లిష్ రాదన్న భయంతో ఈ చదువుకు దూరంగా ఉండాల్సిన పనిలేదు. ఇంటర్ ఫస్టియర్‌లో పిల్లలున్న ఇళ్లలో ఆగస్టులోనే కుల, ఆదాయ కాగితాల్లో పేర్లు సరిచూసుకుని, క్లాట్ రాయాలా లాసెట్ రాయాలా అన్న మాట ఎత్తితే వచ్చే ఏడాది దరఖాస్తుల నాటికి చేతిలో ఏడాది మిగిలి ఉంటుంది.